రోటెన్‌బుర్గ్ గోడ కింద కాకి

బావా,

రాజమండ్రి వెళ్ళిన నువ్వు కరోనాతో పోయి నిన్నటికి ఏడాది. ఏటిసూతకం తీరిందని ఈ రోజు అక్క, పిల్లలు, నేను మాస్కులు పెట్టుకుని రైలెక్కాం. పొద్దున వ్యూర్ట్స్‌బుర్గ్, మధ్యాహ్నం రోటెన్‌బుర్గ్. పిల్లలకు చూపిస్తానని నువ్వన్న జర్మనీ ఊళ్ళే. అక్కడి కోటగోడను ‘ప్రాకారం’ అని రాయాలనిపించింది. నువ్వైతే "గోడ అంటే చాలదా కవిగారూ, వెళ్ళి పరీక్షలకి చదువుకో" అనేవాడివి.

గోడ కింద పెరుగన్నం తింటుంటే ఒక కాకి వచ్చింది. చిన్నోడు జర్మన్‌లో "వెక్! వెక్!" అంటూ తరమబోయాడు. అక్క వాడి చెయ్యి పట్టుకుంది.

"తోలకు నాన్నా."

విమానాలు లేక నీ దినకార్యాన్ని మేం ఫోన్లోనే చూశాం. గోదావరి ఒడ్డున పెట్టిన పిండాన్ని కాకి ముట్టలేదు. నీకేదో కోరిక మిగిలిందని, తీరుస్తానని మాటివ్వమని అందరూ అక్కతో అన్నారు. ఆమె నోరు తెరిచేలోగా ఫోన్ ఆగిపోయింది. పిల్లలు ఇక్కడే చదవాలని నీ ఆశ. వాళ్ళను తీసుకుని వచ్చెయ్యమని మీ అమ్మగారి పోరు. ఏడాదిగా అక్క ఎటూ తేల్చుకోలేదు.

ఇవాళ ఒక ముద్ద తీసి రాతిమీద పెట్టింది.

"ఏవండీ, పిల్లల్ని ఇక్కడే చదివిస్తాను. తినండి."

"అమ్మ కాకిని ఏవండీ అంటోంది!" పాప పకపకా నవ్వింది.

కాకి ముద్ద చుట్టూ తిరిగి ఎగిరిపోయింది. ముట్టలేదు బావా. అయినా తిరుగు రైల్లో అక్క మీ అమ్మగారికి ఫోన్ చేసి, మేం రావడం లేదని చెప్పేసింది.