గంగవ్వ ఎత్తని ఫోను

తంగళ్ళపల్లి, 24 సెప్టెంబర్ 2011

ప్రియమైన గంగవ్వకు,

మీ అమ్మ కాలు విరిగిందని నువ్వు కోరుట్ల పోయి రెండు నెలలైంది. ఎప్పుడు ఫోన్ చేసినా మీ తమ్ముడు వెంకటే ఎత్తి, "అక్క బీడీలు సుడుతున్నది బావా" అంటాడు. తిండీ నిద్రా లేకుండా చుడతావా? తెలంగాణ కోసం సమ్మెతో బస్సులు బంద్. కరెంటు లేక మగ్గాలు నడవడం లేదు. ఇల్లు బోసిగా ఉంది.

మన బిడ్డ శ్రావణికి చిగుళ్లు వాచి రక్తం వస్తోంది. నీ డబ్బాలోని పొగాకు పొడితోనే తోముకుంటోంది. నా మీద కోపముంటే ఫోన్లోనే తిట్టు, వింటాను.

నీ సామేలు

కోరుట్ల, 3 అక్టోబర్

శ్రావణి బాపుకు నమస్కారాలు.

ముందు లేచి ఆ డబ్బా పారేసి రండి.

ధర్నా టెంటు దగ్గర ఒక పళ్ల డాక్టరమ్మ నా నోరు చూసింది. అమ్మకూ ముప్పై అయిదేళ్లకే పళ్లు పోయాయని చెప్పాను. "కొందరికి చిగుళ్ల రోగాన్ని తట్టుకునే బలం పుట్టుకతోనే తక్కువుంటదమ్మా. గది తల్లి నుంచి బిడ్డకు రావచ్చు. పొగాకు దాన్ని ఇంకింత పెంచుతది" అన్నది. బీడీలకు పోను మిగిలిన పొగాకు మాడ్చి రుద్దితే నొప్పి తెలియదు కదా, మందే అనుకున్నాను. బిడ్డకూ నేనే అలవాటు చేశాను.

శుభ్రం లేదని అమ్మను ఎన్నిసార్లు కసురుకున్నానో! ఇప్పుడిద్దరం చెరో గోడవైపు తిరిగి తింటున్నాం.

ఇక్కడికొచ్చాక నా ముందు పళ్లన్నీ ఊడిపోయాయి. మాట సరిగా రాదు. "నోరు కంపు కొడుతున్నది, అటు జరుగు" అని మీరే అన్నారు, గుర్తుందా? అందుకే ఫోన్ ఎత్తను. బస్సులు నడిచినా రాను. బిడ్డ పళ్లు మాత్రం కాపాడండి.

గంగవ్వ

తంగళ్ళపల్లి, 21 అక్టోబర్

ప్రియమైన గంగవ్వకు,

డబ్బా ఆ రోజే మురికి మోరీలో పడేశాను. బస్సులు మొదలవగానే శ్రావణిని జగిత్యాల డాక్టరుకు చూపించాను. మనూరికి కరీంనగరే దగ్గర, కానీ జగిత్యాల అయితే నీకు దగ్గర. చిగుళ్లు శుభ్రం చేశాడు. "పుట్టుకను మార్చలేం గనీ పళ్లను కాపాడొచ్చు. మూడు నెలలకోసారి రావాలె" అన్నాడు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగితే శ్రావణి "మా అమ్మకు" అంది. నేను తల దించుకున్నాను.

బస్టాండులో కోరుట్ల బస్సు కళ్ల ముందే కదిలింది. ఎక్కే ముఖం లేక తిరిగి వచ్చాను. ఆ మాట నాకు గుర్తుంది. పాపిష్టి మాట.

వచ్చే ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఫోన్ చేస్తాను. ఎత్తు. నువ్వేమీ మాట్లాడొద్దు, నేనే చెబుతూ పోతాను. నడుమ నడుమ ఊ అను, చాలు. ఊ అనడానికి పళ్లు అక్కర్లేదు.

నీ సామేలు