గోడ మీది నలుగురు

బిడ్డా జయరాజ్,

బాగున్నావా? పోయినవాణ్ణి ఇలా అడగవచ్చో లేదో తెలియదు. బడిలో పిల్లలకు ఉత్తరం రాయడం నేర్పినన్నాళ్లూ మొదటి మాట ఇదే రాయించాను. ఇప్పుడు వేరే మాట తోచడం లేదు.

నువ్వు వెళ్లి ఏడాది నిండింది. మొన్న ఆదివారం గుడిలో నీ జ్ఞాపకార్థ ఆరాధన జరిగింది. అవును, మన సంగారెడ్డి చర్చిలోనే. నీ శవపెట్టెకు భుజం పట్టవద్దని మన సంఘం కుర్రవాళ్లకు కళ్లతోనే చెప్పిన సంఘ పెద్ద దేవసహాయమే దగ్గరుండి జరిపించాడు. ఎలా జరిగిందో నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. మీ అమ్మకు అసలే చెప్పలేను...

మొదట నీ గది సంగతి చెప్పాలి.

నువ్వు పోయిన వారానికి నేనూ అమ్మా ఇస్నాపూర్ వెళ్లాం, గది ఖాళీ చేయడానికి. పని బట్టలు, టిఫిన్ డబ్బా, ఒక ట్రంకు నిండా ఇంగ్లీషు పత్రికలు. ఇక గోడలు... మైదా జిగురు పెట్టి ఎన్ని బొమ్మలు అంటించావురా! సున్నం కనబడే చోటు లేదు. అన్నిట్లోనూ నీ నలుగురే. గిటార్లు పట్టుకుని, నోళ్లు తెరుచుకుని, చెమటలు కక్కుతూ. నీ ఇంటి ఓనరమ్మ మల్లమ్మ గుమ్మంలో నిలబడి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "సారూ, మంచి పిలగాడు. సప్పుడు లేకుండ ఉంటుండె. గని గీ జుట్లోళ్లను సూసి మా కోడలు పొద్దుగూకితే గీ దిక్కే రాకపోతుండె" అన్నది. ఏడుస్తూనే అన్నది. నాకు నవ్వు వచ్చింది. అక్కడ నవ్వినందుకు మీ అమ్మ ఇప్పటికీ నన్ను దెప్పిపొడుస్తూనే ఉంది.

వాళ్ల బ్యాండు పేరు ఇక్కడ రాయను. ఈ కాగితం ఎవరి చేతికైనా చిక్కితే ప్రమాదం. ఎందుకో నీకే అర్థమవుతుంది.

నీ పిచ్చి నాకెప్పుడూ అర్థం కాలేదు. ఫ్యాక్టరీలో ఫిట్టరు పని చేసేవాడు, ఇంగ్లీషు కూడబలుక్కుని చదివేవాడు, సీమ దేశపు పాటగాళ్ల మీద అచ్చయిన ప్రతి ముక్కా ఏరుకోవడమేమిటి? పటాన్‌చెరులో పాతకాగితాల వాడి దుకాణం ముందు కాపు కాసేవాడివి. అక్కడి పంటల పరిశోధన కేంద్రానికి వచ్చిన తెల్లవాళ్లు పారేసిన పత్రికలు వాడి తక్కెడ ఎక్కకముందే పట్టుకోవాలని. ఆదివారాలు ఆబిడ్స్ పాత పుస్తకాల ఫుట్‌పాత్ మీద. ఒకసారి చిరిగిన టికెట్టు ముక్క తెచ్చి చూపించావు, నువ్వు చూడని కచేరీది, ఎవరో దొర జేబులో మిగిలినది. పూజ్యవస్తువులా రెండు వేళ్లతో పట్టుకున్నావు. అన్నిటికంటే వింత, నీకు రికార్డు ప్లేయరే లేదు. రేడియోలో గరగరల మధ్య ఎప్పుడో ఒక పాట విన్నావు. మిగతాదంతా చదివి నమ్మావు. చూడకుండా, వినకుండా నమ్మడం గురించి మన గుడిలో ఎన్నో ప్రసంగాలు విన్నాను గాని, చేసి చూపించినవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను.

వాళ్లను కళ్లతో చూశావా అని వెక్కిరించాను గుర్తుందా? "నీ పుస్తకాలల్ల ఉన్న రాజులను నువ్వు సూసినవా నాయనా?" అన్నావు. నేను చదివిన చరిత్రంతా వెతికినా దానికి జవాబు దొరకలేదు.

ఇంకోసారి, జుట్టు కత్తిరించుకోరా, నలుగురు ఏమనుకుంటారు అన్నాను. "నీ నలుగురు అనుకుంటరు. నా నలుగురు పాడుతరు నాయనా" అన్నావు.

నా నలుగురిలో మొదటివాడు దేవసహాయం. నాకంటే వెనక బడిలో చేరి నాకంటే ముందు హెడ్మాస్టరు అయినవాడు. పదవి ఎలా వచ్చిందో వాడికీ తెలుసు, నాకూ తెలుసు. పదవీ విరమణ అయ్యాక సంఘ పెద్ద అయ్యాడు. పాస్టరుగారు నెలకొకసారి వస్తారు, తక్కిన వారాలు వీడిదే ప్రసంగం. జీవితంలో ఒక పుస్తకం పూర్తిగా చదివిన పాపాన పోలేదు. సైతాను సంగీతం అని ఒక పొద్దంతా మన బెంచీ వైపు చూస్తూ మాట్లాడాడు. ఆ తర్వాత నువ్వు గుడికి రావడం మానేశావు. నేను రమ్మనలేదు. ఎలా రమ్మంటాను?

నువ్వు పోయింది ఆదివారమే. ఆబిడ్స్ నుంచి బస్సులో పటాన్‌చెరు దాకా వచ్చావు. స్టాండులో పెట్టిన సైకిలు తీసుకుని వానలో బొంబాయి రోడ్డు మీద ఇస్నాపూర్ బయలుదేరావు. వెనక లారీ... సైకిలు క్యారియరుకు యూరియా సంచి ప్లాస్టిక్కులో చుట్టి కట్టిన పెద్ద పుస్తకం ఉంది, ఆ రోజే కొన్నది, నీ నలుగురి మీద రాసినది. అది తడవలేదు. అట్ట మీద గీత పడలేదు. పోలీసులు వంకర పోయిన సైకిలుతో పాటు తెచ్చి ఇచ్చారు. నువ్వు తెరిచి కూడా చూడని పుస్తకం.

సమాధి దగ్గర దేవసహాయం ప్రార్థనకు ముందు ఒక మాట అన్నాడు. "ఆదివారం గుడికి రానివాడు ఆదివారమే పోయిండు. సమజ్ చేసుకోండ్రి."

అంతే. అర్థం చేసుకోమన్నాడు. అందరూ చేసుకున్నారు. నిన్ను మోసింది నీ షిఫ్టువాళ్లు. పని బట్టల్లోనే వచ్చారు పాపం, ఫ్యాక్టరీ గేటు దాటి సరాసరి. వాళ్లలో ఒకడు బీహారు నుంచి వచ్చినవాడు. మన పాట రాకపోయినా పెదవులు కదిపాడు.

నేను కోపంతో బతకగలను. అలవాటే. మీ అమ్మ మాటేమిటి? ఆ రోజు నుంచి ఆమెకు ఒకటే ప్రశ్న. కంచం ముందు కూర్చునేది, ముద్ద కలిపేది, ఆగిపోయేది. "పిలగాడు యాడికి పోయినట్టు?" అని అడిగేది. దేశంలో ఉన్న పుస్తకాలన్నీ చదివానని గొప్పలు పోయేవాణ్ణి. ఒక్క పుస్తకంలోనూ ఆమె చేత ముద్ద మింగించే జవాబు దొరకలేదు.

ఆమెకు జవాబు నీ గదిలో దొరికింది. నీ మంచం తలాపున ఒక పెద్ద బొమ్మ ఉంది కదా... పచ్చిక మీద చెప్పుల్లేకుండా నిలబడిన నలుగురు. భుజాల దాకా జుట్టు, గుండెల దాకా గడ్డాలు, మోకాళ్ల కిందికి తెల్లని అంగీలు. వెనకెక్కడో గొర్రెలు. గిటారు లేదు, డప్పు లేదు. మీ అమ్మ దాని ముందు ఆగిపోయింది. చాలాసేపు చూసింది. చెప్పులు విడిచింది.

"సూడుండ్రి" అన్నది నాతో. "సువార్తలు రాసిన మత్తయి, మార్కు, లూకా, యోహాను. నా కొడుకు తలాపునే పెట్టుకున్నడు. మరి సమాధి కాడ గాయన గట్లెట్ల అన్నడు?"

చుట్టూ మూడు గోడల మీద అదే నలుగురు గడ్డాలు లేకుండా గంతులేస్తున్నారు. ఆమె అటు చూడలేదా? చూసినా పోల్చలేదా? చెప్పబోయి, గోడ తడిపి ఆ బొమ్మను చిరగకుండా ఊడదీశాను. ఆ సాయంత్రం ఆమె అన్నం తిన్నది జయరాజ్. అడిగి మారు వడ్డించుకుని తిన్నది.

మిగతా కథ నేను నడిపింది కాదు, దానంతటదే నడిచింది. మర్నాడే అమ్మ ఆ బొమ్మ తీసుకుని బజారులో పటాలు కట్టే ఖాజా దగ్గరికి నన్ను నడిపించింది. "కింద ఇంగ్లీషు ఉన్నది సాబ్, ఫ్రేములకు రాదు. కోసెయ్యాల్నా?" అన్నాడు ఖాజా. కొయ్యమన్నాను. వాళ్ల పేరు నేల మీద రాలింది. నువ్వయితే వాడి చేయి పట్టుకునేవాడివి.

పటం మన ముందు గదిలో గోడకెక్కింది. ఇరుగుపొరుగు వచ్చి చూశారు. నీ జ్ఞాపకం కోసమని వచ్చిన నీ స్నేహితులు మాత్రం ట్రంకులోంచి తలా ఒక పత్రిక పట్టుకుపోయారు, మీ మేస్త్రీ అయితే నువ్వు చొక్కాకు పెట్టుకునే వాళ్ల బొమ్మ బిళ్ల కూడా. జ్ఞాపకానికట. నువ్వు బతికుండగా నిన్ను పిచ్చోడన్న నోళ్లే.

కొన్నాళ్లకు దేవసహాయం ఇంటి ప్రార్థనకు వచ్చాడు. అమ్మే పిలిచింది. పటం ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. "గిది ఫారిన్ పటం. దొరల కాలంల మిషను బంగ్లాలల్ల గిసుంటివి ఉంటుండె" అన్నాడు. అక్కడితో ఆగాడా? "గీయన లూకా. వైద్యుడు గద, ఏళ్లు సూడుండ్రి, ఎంత నాజూకు" అన్నాడు. ఆ వేళ్లు ఎవరివో నాకు తెలుసు. అప్పటికి నీ పుస్తకం సగం చదివాను. ఆ నాజూకు వేళ్లు ఒక హోటల్లో టీవీ డబ్బా ఎత్తి కిటికీలోంచి పారేశాయి.

నీ పుస్తకం గురించి ఒక మాట. రాసినవాడికి వాక్యం రాయడం రాదు. విశేషణాలు తప్ప విషయం లేదు. అయినా నిఘంటువు పక్కన పెట్టుకుని మొత్తం చదివాను. నువ్వు ఏ పేజీ దగ్గర ఆగి నవ్వేవాడివో అని ఊహించుకుంటూ... నడిమి పేజీల్లో ఆ బొమ్మే ఉంది. అదే పచ్చిక, అవే గొర్రెలు. కింద నలుగురి పేర్లు, ఎవడు ఏం వాయిస్తాడో. ఇంకొకటి కూడా అక్కడే మొదటిసారి చూశాను. చివరివాడి అంగీ చేతి కింద, మణికట్టుకు గడియారం.

పటంలోనూ ఉంది. తెలిసి చూస్తే తెలుస్తుంది.

ఇక అర్థమయిందా నా చేతికి ఏం దొరికిందో? జీవితంలో మొదటిసారి దేవసహాయం మెడ నా చేతిలో ఉంది. ఆ పటం నీ పేరు మీద గుడికి ఇవ్వాలని అమ్మ అనుకుంది. సంఘం సంతోషంగా ఒప్పుకుంది. బలిపీఠం పక్క గోడకు మేకు కొట్టారు. మొన్న ఆదివారం నీ పుస్తకాన్ని గుడ్డసంచిలో పెట్టుకుని వెళ్లాను. వాడు సైతాను అన్నవాళ్లకే వాడి చేత ప్రార్థన చేయించి, అందరి ముందు ఆ పేజీ తెరుద్దామని. వాక్యం కూడా సిద్ధం చేసుకున్నాను. "సమజ్ చేసుకోండ్రి."

వాడు లేచాడు. ప్రార్థన మొదలుపెట్టాడు. "మా సహోదరుడు జయరాజ్, నీ సువార్తికులను తలాపున పెట్టుకొని పండుకున్న నీ బిడ్డ, నీ సన్నిధిల ఉన్నడని నమ్ముతున్నము తండ్రీ" అన్నాడు. గుడంతా ఆమేన్ అన్నది. సమాధి దగ్గర కళ్లు దించుకున్నవాళ్లే. పక్క బెంచీల్లో ఆడవాళ్ల మధ్య మీ అమ్మ తల ఎత్తింది. ఏడాదిగా గుడిలో ఆమె తల ఎత్తి నేను చూడలేదు.

నా చేయి సంచిలోనే ఉంది. పేజీ వేలికి తగులుతోంది...

అప్పుడు వాడు పటం దగ్గరికి వెళ్లాడు, ఒక్కొక్కరినే వేలితో చూపించి చెప్పడానికి. మత్తయి. మార్కు. లూకా. యోహాను దగ్గర వేలు ఆగింది. వంగాడు. కళ్లద్దాలు సర్దుకున్నాడు. "గీయన చేతికి ఏందిది?" అన్నాడు.

నేను ఏం చేశానో చెబితే నవ్వుతావు. ప్రార్థన చేశాను. ఎన్నో ఏళ్ల తర్వాత, నిజంగా. ప్రభువా, వీడి కళ్లకు ఇంకాసేపు ఏమీ కనబడనీయకు అని.

మీ అమ్మ లేచి నిలబడింది. "సంకెల గుర్తు, పెద్దసారూ. యోహాను చెరల పడ్డడు గద" అన్నది.

దేవసహాయం తల ఊపాడు. "అవు. ద్వీపంల. చెరల పడ్డడు" అని సంఘానికి వివరించాడు, తానే కనిపెట్టినట్టు. ఆరాధన ముగిసింది.

అంత జల్దీగా ఆమెకు ఆ మాట ఎలా వచ్చింది జయరాజ్? నీ పుస్తకం అలమారలో దుమ్ము దులిపేది ఆమే. ఇంగ్లీషు రాదు గాని బొమ్మ చూడటానికి ఇంగ్లీషెందుకు? ఇంటికి నడిచి వస్తూ అడుగుదామనుకున్నాను. ఆమె నీ చిన్నప్పటి సంగతేదో చెప్పుకుంటూ ముందు నడిచింది. ఇక అడగను.

నేను ఎవరినీ క్షమించలేదు. అది వేరే సంగతి. దేవసహాయం అన్న మాట నా చెవిలో అలాగే ఉంది, ఉంటుంది. కానీ ఆ పటం అక్కడే ఉండాలి. పుస్తకం మాత్రం ఎవరి చేతికీ చిక్కకూడదు. కాల్చడానికి నాకు చేతులు రావు.

కాబట్టి ఒకటి నిర్ణయించుకున్నాను. నేను పోయినప్పుడు నా శవపెట్టెలో, నా తల కింద ఆ పుస్తకం పెట్టమని మీ అమ్మకు చెబుతాను. ఎందుకని ఆమె అడగదనుకుంటాను. నా మీద ప్రార్థన చెయ్యవలసింది ఎలాగూ దేవసహాయమే. చెయ్యనీ. వాడు కళ్లు మూసుకుని చేతులు చాపినప్పుడు కింద నేనొక్కణ్ణే ఉండను, నీ నలుగురూ ఉంటారు.

నడిమి పేజీలు మడత పడకుండా తెస్తాను. నువ్వింకా తెరవలేదు కదా.

మీ నాయన