ఇల్లే ఖాళీ చేశాను

అమ్మకు,

చోడవరం నుంచి నీ దుర్గ నమస్కారాలు. నేను బాగున్నాను. ఇన్నాళ్ళూ ఆ మాట అలవాటు కొద్దీ రాశాను, ఈసారి నిజంగానే రాస్తున్నాను. అక్కడ నువ్వు, అన్నయ్య, వదిన కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్లో నీకు సరిగా వినబడదు, పైగా ఇది అరిచి చెప్పే సంగతి కాదు.

మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగావు. తగ్గింది. ఇప్పుడు మోచేతులు దోక్కుపోయాయి. కంగారుపడకు. నేను చెడుగుడు ఆడుతున్నాను.

నవ్వకు. ఆయన పోయాక ఆయన ఉద్యోగం నాకిచ్చి ఈ ఊళ్ళో వేశారు కదా. ఆఫీసు అయ్యాక గదికి వెళ్ళబుద్ధి కాక రోజూ హైస్కూలు గ్రౌండులో కూర్చునేదాన్ని. ఆ బడిలో ఆయా మంగాయమ్మ ఒకరోజు వచ్చి, “ఏటమ్మా, దినామూ ఇక్కడే కూకుంతన్నావు. ఎవలి కోసం?” అంది.

“ఎవరి కోసమూ కాదు. ఇంటికెళ్తే పలకరించే దిక్కు లేదు” అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

“నాకు మాత్రం ఎవలున్నారు? సాయంత్రాలు మేం ఆరుగురం చెడుగుడు ఆడతన్నాం. ఒక మనిసి తక్కువయ్యింది. కొంగు బిగించి రా” అంది.

వెళ్ళాను. నలభై నాలుగేళ్ళ వయసులో, మట్టిలో పడి లేచాను.

నెల తిరక్కుండా ఇంటి ఓనరు అనంతరామయ్యగారు తలుపు కొట్టారు. “ఏటండీ ఇది? మొగుడు పోయిన మనిషి గ్రౌండులో గెంతులేటి? ఆట మానుతారా, ఇల్లు ఖాళీ చేస్తారా?”

“ఇల్లే ఖాళీ చేస్తానండి” అన్నాను. ఆయన ఆ జవాబు అనుకోలేదు. నిజానికి నేనూ అనుకోలేదు.

ఆదివారం పొద్దున్నే ఆరుగురూ ట్రాలీ ఆటో వేసుకుని వచ్చేశారు. ఆయన గేటు దగ్గర నిలబడి, “మీకెవరూ లేరనుకున్నాను, వీళ్ళంతా ఎవరు?” అన్నారు. నేను నోరు తెరిచేలోపే మంగాయమ్మ నా గ్రైండరు చంకనేసుకుని, “ఎవలూ నేకపోడమేటి బాబూ? మా మనిసిని మేం తీసుకెల్తన్నాం. తప్పుకో” అంది. ఆయన తప్పుకున్నారు. ఇప్పుడు మంగాయమ్మ వీధిలోనే ఉంటున్నాను.

ఇక, ఈసారి శ్రీదేవిని కూడా వెంటబెట్టుకు రమ్మన్నావు. ఆ మాటకి జవాబు రాయలేకే ఇంతసేపు వేరే సంగతులు రాశాను.

శ్రీదేవి లేదమ్మా. పక్కింటి టీచరు, ఆవిడ ఇచ్చిన గోంగూర పచ్చడి, మేమిద్దరం చూసిన సినిమా, అన్నీ నేను కల్పించినవే. నువ్వు బెంగపడతావని మొదలుపెట్టి రెండేళ్ళు రాశాను. అసలు నా ఆదివారాలు ఎలా గడిచేవో తెలుసా? అనకాపల్లి బస్సెక్కి, అదే బస్సులో వెనక్కి వచ్చేదాన్ని. పక్కన కూర్చున్నవాళ్ళు ఎక్కడ దిగుతారని అడుగుతారు కదా, అందుకు. ఒకసారి శ్రీదేవికి జ్వరమని రాస్తే నువ్వు మిరియాల కషాయం ఎలా కాచాలో రెండు పేజీలు రాసి పంపావు. అది చదివి చాలా ఏడ్చాను. లేని మనిషి కోసం నువ్వు దిగులుపడుతుంటే, ఉన్న నేను దాక్కున్నాను. క్షమించు.

అన్నయ్య నా బదిలీ కోసం తిరుగుతున్నాడని రాశావు. వద్దని చెప్పు. ఒంటరి ఆడది ఊరుకాని ఊళ్ళో ఎన్నాళ్ళుంటుంది అంటాడు. ఉంటాను. బదిలీ అర్జీ మీద సంతకం పెట్టను. జాలిపడి పిలిస్తే నేను రాను, చూడాలనుంటే మీరే రండి.

వచ్చే ఆదివారం రావికమతం ఆడవాళ్ళతో మాకు పోటీ ఉంది. గెలుస్తామో లేదో తెలీదు, వాళ్ళు గట్టివాళ్ళట. మొదటి కూతకి వెళ్ళేది మాత్రం నేనే.

ఇట్లు,
ఇక దాక్కోని నీ కూతురు,
కనకదుర్గ