శుక్రవారం మేడం కుర్చీలో

రఘురామన్నయ్యా, నన్నొక్క మాట అడక్కుండా మా లైబ్రేరియన్ సరోజిని మేడంకి ఫోన్ చేసి, “మా నీలిమ పదితోనే ఆపేసింది, నలుగురి ముందూ మాట్లాడించకండి, నవ్వులపాలవుతుంది” అంటావా? కార్డే కదా, పోస్ట్‌మ్యాన్ చదివితే చదవనీ.

ఈ మునిర్కా పేట లైబ్రరీలో స్టాఫ్ అందరం శుక్రవారాలు ఒకే పుస్తకం కలిసి చదువుతాం. వంతు వచ్చినవాళ్లు మేడం కుర్చీలో కూర్చుని చర్చ నడపాలి, మేడం అందరికీ టీ పోయాలి. నీ ఫోన్‌తో నా వంతు పోయిందనుకున్నా. మేడం మాత్రం కుర్చీ నా వైపు జరిపి, “నవ్వితే నవ్వనీ, మొదటిసారి నన్ను చూసీ నవ్వారు” అన్నారు. నేను కూర్చుని, ఆ పుస్తకం గురించి నాకు అనిపించింది చెప్పడం మొదలుపెట్టా. మాతో పనిచేసే నేహా దీదీ నవ్వింది కూడా. నేను ఆపలేదు. చివరికి ఆ దీదీయే, “అచ్ఛా, నువ్వెందుకలా అనుకున్నావో మళ్లీ చెప్పు” అంది. మేడం నా కప్పులో రెండోసారి టీ పోశారు. ఆ మనిషికి జన్మంతా రుణపడి ఉంటా.

అమ్మ మందులు మానలేదు కదా? నా పాత స్వెట్టర్ పంపించు, చలి మొదలైంది.

సాయంత్రం షిఫ్టు నా చేతికిద్దామని మేడం ఆలోచన. నీ ఫోన్ వల్లే “ఇంట్లో ఒప్పుకుంటారా?” అని ఆగారు. పదిహేనో తారీఖు లోపల నువ్వే ఆవిడకి ఫోన్ చేసి, “మా నీలిమకే ఇవ్వండి” అని చెప్పి, నాకు జవాబు రాయి. అమ్మకి నా దండాలు. నీ దండం ఆ జవాబు వచ్చేదాకా నా దగ్గరే ఉంటుంది.

నీలిమ