చెవిలో ప్రభాకరన్న

డిసెంబరు 16, 2003
పొద్దున లేచేసరికి వరండాలో ఎవరిదో పాడైన టీవీ. ఈ నెలలో ఇది మొదటిది కాదు. మేడ్చల్‌లో సగం మందికి నేను టీవీ మెకానిక్‌ని. తప్పు వాళ్ళది కాదు, మా బాపుది. "మావోడు టీవీల పని జేస్తడు" అని చెప్తాడు. "మరి ఎన్నడు కనబడడేంది?" అంటే మాట మార్చేస్తాడు. ప్రొడ్యూసర్ అంటే కెమెరా ఎటు తిరగాలో చెప్పేవాడని, యాంకర్ ఎప్పుడు ఆపాలో చెవిలో అందించేవాడని ఎన్నోసార్లు చెప్పాను. "అంటే ఎనక గూసొని గుసగుసలు పెట్టెటోనివి" అన్నాడు. ఇంతకంటే బాగా నేనూ చెప్పలేను.

డిసెంబరు 18
మా యాంకర్ ప్రభాకరన్న గొంతు పోయింది. మా స్పోర్ట్స్ ప్రోగ్రాం నిలబడిందే ఆ గొంతు మీద. మచ్చ బొల్లారంలో చర్చి వాళ్ళతో ఇంటింటికీ క్యారల్స్‌కి తిరిగి, చలిలో పాడి పాడి... ఇప్పుడు నోరు తెరిస్తే ఉత్త గాలి. మాట్లాడితే ఊరుకోనన్నాడట డాక్టరు.

ఎల్లుండి నుంచి శామీర్‌పేటలో కబడ్డీ. లైవ్. డైరెక్టర్ గారు అందరి మొహాలూ చూస్తూ వచ్చి నా దగ్గర ఆగారు. "ఆట తెలిసినవాడివి నువ్వే కదయ్యా సత్యం, నువ్వు కూర్చో." మైదానం పక్కన నిలిపే వ్యాన్‌లో నా సీటు ప్రభాకరన్నకి. మాటే లేనివాడు చెవిలో ఏం చెప్తాడు? పెన్నుతో మైకు మీద కొడతాడట. ఒక టక్కు — ముగించు. రెండు — సాగదీయి.

డిసెంబరు 20
పరువు పోయింది.
టక్కు వినబడగానే నోరు దానంతటదే "కెమెరా టూ... కట్" అంది. లైవ్‌లో. ఆ తర్వాత "జనాన్ని చూపించు, జనాన్ని" అని కూడా. బ్రేక్ ముందు "చాలు, ఇక ముగించు" అని నన్ను నేనే మందలించుకున్నాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నాది ఉద్యోగంతో వచ్చింది, అయినా పోవడం లేదు.

డిసెంబరు 21
జనానికి నచ్చిందట! ఫోన్ల మీద ఫోన్లు. ఇవాళ కూతకి వెళ్ళే ఆటగాడు కూడా నా వైపు తిరిగి "అన్నా, కెమెరా టూ" అని మరీ వెళ్ళాడు. నిన్న తిట్టడానికి సిద్ధమైన డైరెక్టర్ గారు ఇవాళ, అలాగే కానీయమన్నారు. ఫైనల్ కూడా బాగా చేస్తే జనవరి నుంచి యాంకర్ కుర్చీ నాదేనట. మరి ప్రభాకరన్న అంటే, ముందు గొంతు రానీయమన్నారు.

సంతోషంగా ఉంది. ఆ గొంతు ఇంకొన్నాళ్ళు రాకపోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది కూడా. ఛీ.

డిసెంబరు 22
బాపు గడ్డం గీయించుకుని, ఉతికిన ధోతి కట్టుకుని మరీ టీవీ ముందు కూర్చుంటున్నాడు. నిన్న ఎదురింటి గుంటూరు వాళ్ళను కూడా పిలిచాడట. "మీ అబ్బాయి మెకానిక్ అనుకున్నామండీ" అన్నాడట ఆ ఇంటాయన. "నేనూ గట్లనే అనుకున్న" అన్నాడట బాపు.

డిసెంబరు 23
అద్దం ముందు నవ్వు ప్రాక్టీసు. బాపు చూసి, "పన్ను నొస్తాందా బిడ్డా" అన్నాడు.

డిసెంబరు 25
పండుగ భోజనానికి ప్రభాకరన్న ఇంటికి. బిర్యానీ, కేకు. ప్రభాకరన్నవి అన్నీ సైగలే. ఇంకొంచెం వేసుకొమ్మని సైగ, చాలంటే కుదరదని సైగ. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మాటిమాటికీ వంటింట్లోకి పోతోంది. మొగుడి గొంతు పోయిందని ఏడుస్తోందేమో... ఆయన కుర్చీకి ఎసరు పెట్టి, ఆయన ఇంట్లోనే తింటున్నాను.

డిసెంబరు 28
ఫైనల్. మేడ్చల్, కుత్బుల్లాపూర్. ఆఖరి కూత, పాయింట్లు సమానం. కుత్బుల్లాపూర్ వాడు మేడ్చల్ వైపు వచ్చాడు, ఒకణ్ణి తాకాడు, గీత వైపు దూకాడు — నా చెవిలో టక్కు లేదు. పిడుగు పడింది.
"పట్టు! కాలు పట్టు! ఇడువకు!"
నిండు గొంతు. చర్చి గోడలు అదిరే గొంతు. నా నోరు ఊరుకుంటుందా? "ప్రభాకరన్నా, నీ గొంతు ఎప్పుడొచ్చింది?" అంది. లైవ్‌లో. ఊరంతా విన్నది. ఆఫీసులో డైరెక్టర్ గారూ విన్నారు. మేడ్చల్ గెలిచింది. ఆ మాట చెప్పడం మాత్రం మరిచిపోయాను.

ఆట అయ్యాక వ్యాన్ దగ్గరికి పరుగెత్తాను. తల వంచుకుని కూర్చున్నాడు.
"పండుగ నాడే వచ్చింది. పొద్దున చర్చిల పాడిన గూడ."
మరి మధ్యాహ్నం నాతో ఆ సైగలేమిటన్నాను. వదిన కొంగు అడ్డం పెట్టుకున్నది ఏడుపుకు కాదు, నవ్వుకని అప్పుడు తెలిసింది.
"నా గొంతు వచ్చిందంటే నిన్ను లేపుతరు. మీ బాపు నిన్ను ఫైనల్ల జూడాలె గదా సత్తెన్నా."
గట్టిగా వాటేసుకున్నాను. ఏడుపొచ్చింది. కెమెరాలు కట్టేశారు కాబట్టి నష్టం లేదు.

ఇంతలో డైరెక్టర్ గారి ఫోన్. "రేపు పొద్దున ఇద్దరూ నా గదికి రండి." పెట్టేశారు. కోపమో నవ్వో ఆ గొంతులో పోల్చుకోలేకపోయాను. ప్రభాకరన్న కూడా చెవి పెట్టి విన్నాడు, ఆయనకీ తెలియలేదు. రేపు ఒకే కుర్చీ, ఇద్దరు మనుషులు... లేదా ఇద్దరికీ లేదు.

ఇంటికి వచ్చేసరికి వరండాలో మళ్ళీ ఒక టీవీ. కలర్ది, పెద్దది. దుండిగల్ నుంచి ఆటోలో వేసుకొచ్చి దించిపోయారట. నన్ను తెర మీద చూశాక కూడానా! డైరెక్టర్ గారు రేపు రమ్మన్న సంగతి బాపుకి చెప్పి, టీవీ ఎవరిదో కనుక్కుని ఇప్పుడే వాపసు పంపిద్దామన్నాను.
బాపు దాని మీద తువ్వాల కప్పాడు.
"ఉండనియ్ బిడ్డా. రేపు నువ్వు పోయొచ్చినంక జూద్దాం."