గోడ మీద లేని పేరు

లాన్‌జౌ, ఏప్రిల్ 3

ప్రియమైన నాన్నకు,

ఊరి సభ్యుల జాబితా గోడ మీద ఇరవయ్యో తేదీ వరకే ఉంటుంది, అభ్యంతరం ఆలోపే చెప్పాలి. ఫోనులో ఆ మాట ఎత్తితే నువ్వు పెట్టేస్తున్నావు. అందుకే ఇప్పుడు ఈ ఉత్తరం.

అందులో అక్క పేరు లేదట. పేరు లేకపోతే తన వాటాకొచ్చిన బంగాళాదుంపల నేల పోతుంది. అత్తవారి ఊళ్లో అక్కకు జానెడు నేల ఇవ్వలేదు, విడాకులై తిరిగొచ్చింది. అలాంటి ఆడమనిషి పుట్టింటి వాటా లాక్కోకూడదని నేనిక్కడ లా తరగతిలో చదివే గ్రామీణ భూమి చట్టంలో ఉంది. స్త్రీల హక్కుల రక్షణ చట్టమూ అదే అంటోంది. రాజ్యాంగం సరేసరి. అభ్యంతర పత్రం రాసి పంపుతున్నాను. ఇంటి పెద్దగా నువ్వు ఎర్ర సిరాతో వేలిముద్ర వేస్తే చాలు.

నీ షూచిన్

ఏప్రిల్ 9

చిన్నతల్లీ,

నూడుల్స్ కొట్టు చెన్ పిన్ని చేత రాయిస్తున్నాను. ఆమెకు తెలియని సంగతేమీ కాదు.

నీ కాగితం చూసి ఊరి పెద్ద నవ్వాడు. "ఏమయ్యా, నీ చిన్నది ఊరిని కోర్టుకీడుస్తుందా? ఆ చదువు ఎలా వచ్చిందో దానికి చెప్పలేదా?" అన్నాడు.

చెప్పలేదు. నీకు సీటొచ్చిన ఏడు, ఫీజు సాయానికి మన పేదరికం కాగితం మీద ఊరి ముద్ర కావలసి వచ్చింది. పెద్దదానికి పెళ్లయిపోయింది కదా, దాని వాటా వదులుకుంటే ముద్ర వేస్తానన్నాడు. వదులుకుంటున్నామన్న కాగితం మీద వేలిముద్ర వేశాను. సిరా డబ్బీ పట్టుకున్నది మీ అక్కే. "వెయ్యి నాన్నా, దాన్ని చదవనీ" అంది.

ఇరవై ఒకటిన అది గ్వాంగ్‌డాంగ్ ఫ్యాక్టరీకి రైలెక్కుతోంది. తన పాపను మా దగ్గరే వదిలి వెళుతుంది. పాప దాని చొక్కా అంచు పట్టుకుని వదలడం లేదు. నువ్వు గొడవ పెట్టుకోకమ్మా.

నాన్న

లాన్‌జౌ, ఏప్రిల్ 13

ప్రియమైన నాన్నకు,

రెండు రోజులుగా తరగతికి వెళ్లలేదు. పుస్తకం తెరవాలంటే చేతులు రావడం లేదు. నేను తిరగేసిన ప్రతి పేజీ అక్క నేలే.

అక్క వాటా నీ వేలిముద్రతో పోదు నాన్నా. ఆ కాగితం చెల్లదని వాదించవచ్చు. వాదిస్తే ముద్ర బేరం బయటపడుతుంది, నా ఫీజు సాయం మీద విచారణ రావచ్చు. రానీ. మనం పేదవాళ్లమన్నది అబద్ధం కాదు.

ఆ రోజు అక్క సరేనన్నది నాకోసం. తనకేం కావాలో నువ్వు అడగలేదు. నేనూ అంతే. ఇన్ని చట్టాలు తిరగేశాను కానీ అక్కను ఒక్క మాట అడగలేదు.

ఇప్పుడు అడుగు. తను చెప్పింది చెప్పినట్టు చెన్ పిన్ని చేత రాయించు. వద్దంటే వద్దనే రాయించు. తిట్టినా రాయించు. పంతొమ్మిదో తేదీకి నాకు అందాలి.

నీ షూచిన్