బిందె ఉదాహరణ

జూన్ 4, 2001

ఈరోజు నుంచి నేను టీచర్‌ని.

బెంగళూరు పీణ్యలో టైర్ల షాపు మీద, రెండో అంతస్తులో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్. మార్చిలో మా కంపెనీ మమ్మల్నందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, ప్రాజెక్టులు లేవు, రేపటి నుంచి రావద్దు అని చెప్పింది. అప్పటి నుంచి రెజ్యూమెలు పంపుతూనే ఉన్నాను. ఎవరూ పిలవడం లేదు. మళ్ళీ కాకినాడ బస్సెక్కడం కంటే ఇది నయం అనుకుని చేరిపోయాను.

బిగినర్స్ బ్యాచ్. సి లాంగ్వేజ్. వేరియబుల్ అంటే ఏమిటో బోర్డు మీద ఇంగ్లీషులో రాశాను. అందరూ రాసుకున్నారు. అర్థమైందా అంటే యస్ మేడం అన్నారు. ఒక్కరికీ అర్థం కాలేదు. నాకు తెలుసు. ఇంటర్వ్యూల్లో నేనూ అలాగే యస్ అనేదాన్ని.

జూన్ 7

x = x + 1 దగ్గర క్లాసు ఆగిపోయింది.

ఓబళప్ప అని ఒకాయన ఉన్నాడు. నలభై దాటాయి. ఇక్కడే ఒక ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తాడు. స్టోర్స్‌కి కంప్యూటర్ వస్తోందట. నేర్చుకోకపోతే తన కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారని భయం. ఆయన లేచి కన్నడంలో అడిగాడు, ఒక అంకె, దానికి ఒకటి కలిపిన అంకె, రెండూ ఎలా సమానమవుతాయని. అది ఈక్వల్ టు కాదు, అసైన్‌మెంట్ అని ఇంగ్లీషులో చెప్పాను. మళ్ళీ చెప్పాను. గట్టిగా చెప్పాను. గట్టిగా చెబితే ఇంగ్లీషు అర్థమవుతుందని నాకెవరు చెప్పారో.

బ్రేక్‌లో మెట్ల మీద ఆయన ఒక అమ్మాయితో అంటున్నాడు: "ఇది అబద్దం లెక్క గదమ్మా. ఆ మేడంకీ తెల్దు, మనకీ తెల్దు."

తెలుగు. వీళ్ళ ఇళ్ళల్లో తెలుగే. అడిగితే సగం బ్యాచ్ ఆంధ్రా సరిహద్దు ఊళ్ళు బాగేపల్లి, చింతామణి, గౌరిబిదనూరు వైపు నుంచి వచ్చిన వాళ్ళే. మిగిలిన కన్నడం వాళ్ళకి మాట్లాడటం రాకపోయినా తెలుగు అర్థమవుతుందట.

జూన్ 8

x అంటే బిందె పేరు అన్నాను, తెలుగులో. బిందెలో నీళ్ళున్నాయి. ముందు కుడి పక్క చూడండి. ఉన్న నీళ్ళకి ఇంకో చెంబు కలపమంటోంది. కలిపాక ఎడమ పక్క చూడండి. వాటిని మళ్ళీ అదే బిందెలో ఉంచమంటోంది.

మెట్ల మీది అమ్మాయి మెల్లగా, "బిందె అదే. నీళ్ళు ఎక్కువయినాయి," అంది. పేరు సొన్నమ్మ.

ఓబళప్ప అరచేత్తో డెస్క్ మీద ఒక్కటి కొట్టాడు.

జూన్ 13

ఈరోజు క్లాసులో అందరూ నవ్వారు. నా మీద కాదు. లూప్ అర్థమై.

జూన్ 25

సొన్నమ్మ గురించి రాయాలి.

పీయూసీ, అంటే మన ఇంటర్ దాకా కన్నడ మీడియం. ఇంట్లో తెలుగు, కానీ తెలుగు అక్షరాలు రావు. నాన్న నరసింహప్ప ఇక్కడి ఫౌండ్రీలో వాచ్‌మన్. తల్లి లేదు. వాళ్ళుండేది ఒక వఠారంలో. వరసగా ఇళ్ళు, అందరికీ ఒకటే కొళాయి. నీళ్ళు వచ్చిన రోజల్లా ముందు ఎవరు పట్టుకోవాలని గొడవ. క్లాసులో 'అర్రే' అంటే పోపుల డబ్బా లాంటిదని చెప్పాను, పేరు ఒకటే, లోపల గిన్నెలు వేరు వేరు అని. సొన్నమ్మ ఆ గిన్నెల్లో వఠారంలోని ఇళ్ళన్నీ పెట్టింది. ఈరోజు ముందు పట్టుకున్న ఇల్లు రేపు చివరికి పోవాలి, మిగిలినవన్నీ ఒక్కో గిన్నె ముందుకు జరగాలి. నేను చెప్పింది కాదిది. తనే ఆలోచించింది.

ప్రోగ్రాంని ముందు పెన్సిల్‌తో కాగితం మీద రాసుకుంది. వాక్యాలు తెలుగు, అక్షరాలు కన్నడం. నేను చదవలేకపోతే తనే చదివి వినిపించింది. "మొదటి గిన్నెలో ఉండేదాన్ని చేతిలో పెట్టుకో" అని రాసుకుంది టెంపరరీ వేరియబుల్‌కి. ఆ తర్వాత సి లోకి మార్చింది. సెమీకోలన్లు తప్పితే తప్పుల్లేవు.

కంపెనీలో నేను మూడేళ్ళు పనిచేశాను. అక్కడ ఎవరి చేతుల్లోనూ ఏదీ ఇలా పుట్టడం చూడలేదు. నేనుండే పీజీ హాస్టల్‌కి నడుచుకుంటూ వచ్చాను, బస్సు ఎక్కాలని గుర్తు రాలేదు.

జూలై 9

ఓనర్ వెంకటగిరియప్పగారు పిలిచారు. ఎవరో కంప్లెయింట్ చేశారట, మేడం తెలుగులో చెబుతున్నారని. కాదనలేదు. పిల్లలకి అర్థమవుతోంది అన్నాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. చక్కటి తెలుగులో చెప్పారు: "ఇంట్లో నేనూ తెలుగే మేడం. మా ఆడోళ్ళకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయితే ఇది ఇల్లు కాదు. కింద బోర్డు మీద ఏమని రాసుండాది? ఈళ్ళు వచ్చేది కంప్యూటర్‌కి కాదు, ఇంగ్లీషులో కంప్యూటర్‌కి."

జూలై 10

కంప్లెయింట్ చేసింది సొన్నమ్మ. తనే వచ్చి చెప్పింది. మెట్ల మీద, చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ.

నీకు అర్థం కావడం లేదా అని అడిగాను.

"అర్థమయితా ఉండాది మేడం. అదే బయం. తెలుగులో అర్థమయ్యేది కంప్యూటర్ ఎట్లయితాది? మా నాయన నన్ను ఈడికి పంపింది మా ఇంట్లో మాట నేర్చుకునేదానికి కాదు. రేపు ఇంటర్వ్యూలో వాళ్ళు తెలుగులో అడుగుతారా?"

లాజిక్ వస్తే చాలు, ఇంగ్లీషు అదే వస్తుంది అన్నాను. ఎవరికి వచ్చింది మేడం అట్ల, అని అడిగింది. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

జూలై 19

మళ్ళీ ఇంగ్లీషు. మళ్ళీ యస్ మేడం.

ఆగస్టు 3

పాయింటర్లు, సి లో అన్నిటికంటే కష్టమైన పాఠం. ఇంగ్లీషులో మూడు రోజులు చెప్పాను. ఒక్కరి ముఖంలోనూ వెలుగు లేదు. దేవరాజ్ తప్ప అందరూ తలలు దించుకున్నారు. దేవరాజ్‌ది రాజాజీనగర్, కాన్వెంట్ చదువు. వాడికి ఇంగ్లీషు అర్థమవుతుంది, పాయింటర్ అర్థం కాదు. ల్యాబ్‌లో సొన్నమ్మ పక్క సీటు వాడిదే. ఆమె స్క్రీన్ చూసి టైప్ చేసుకుంటాడు. ఆమె ఏమీ అనదు.

ఈరోజు లేచి క్లాసు తలుపు మూసి తెలుగులో మొదలుపెట్టాను. ఓబళప్ప ముందుకు జరిగి కూర్చున్నాడు. సొన్నమ్మ నన్ను చూసింది, తర్వాత తలుపును చూసింది. క్లాసయ్యాక చెప్పాను, నీకు ఏది మంచిదో నాకు తెలుసు, నన్ను నమ్ము అని. సరే మేడం అంది. మళ్ళీ కంప్లెయింట్ చేస్తానని అనలేదు.

ఆగస్టు 22

ఓబళప్ప మానేశాడు. స్టోర్స్‌కి కంప్యూటర్ వచ్చిందట. దాంతోపాటే దాన్ని నడిపే మనిషీ వచ్చాడట. ఈయన్ని గేటు దగ్గర లారీల పనికి మార్చారు. చెప్పి వెళ్దామని వచ్చాడు. నా ముఖం చూసి ఆయనే ఓదార్చాడు: "ఏమీ పరవాలేదు మేడం. నేర్చుకునింది యాడికీ పోదు."

పోతుంది. వాడకపోతే ఆరు నెలల్లో పోతుంది. ఆ మాట ఆయనకి చెప్పలేదు.

సెప్టెంబర్ 12

నిన్న సాయంత్రం నుంచి పీజీలో అందరూ టీవీ ముందే. రెండు భవనాలు, మళ్ళీ మళ్ళీ కూలుతున్నాయి. ఈరోజు ఇన్‌స్టిట్యూట్‌లో ఎవరూ వాటి గురించి మాట్లాడలేదు. మేడం, ప్లేస్‌మెంట్ ఉంటుందా అని మాత్రం అడిగారు.

సెప్టెంబర్ 28

ప్లేస్‌మెంట్‌కి వస్తామన్న కంపెనీలన్నీ రాలేమన్నాయి. ఒక చిన్న కంపెనీ మాత్రం వస్తుందట. ట్రైనీ ఒక్కరు కావాలట. నాకు ఇంటర్వ్యూ పిలుపు ఒక్కటీ రాలేదు. నేనే అప్లై చేస్తే ఎలా ఉంటుందని ఒక్క క్షణం ఆలోచించాను. అది కూడా రాసిపెడుతున్నాను.

అక్టోబర్ 8, మధ్యాహ్నం

రాత పరీక్షలో సొన్నమ్మ ఫస్ట్. వాళ్ళిచ్చిన ప్రోగ్రాం బ్యాచ్ మొత్తంలో ఆమె ఒక్కతే పూర్తిగా రాసింది. కంపెనీ నుంచి వచ్చిన ఇద్దరిలో ఒకాయన ఆ పేపర్ పట్టుకుని నా దగ్గరికి వచ్చి, ఎవరీ అమ్మాయి అని అడిగాడు. ఇప్పుడు ఆమెని ఇంటర్వ్యూకి లోపలికి పిలిచారు. కారిడార్‌లో కూర్చుని రాస్తున్నాను.

అక్టోబర్ 8, సాయంత్రం

బయటికి వచ్చేసరికి ఆమె చేతిలో నీళ్ళ గ్లాసుంది. వాళ్ళే ఇచ్చారట.

ముందు నీ గురించి చెప్పు అన్నారట. పేరు చెప్పింది. ఊరు చెప్పింది. ఈ ప్రోగ్రాం ఎలా రాశావో వివరించు అన్నారట. "నోరు తెరిస్తే బిందె అనే వస్తా ఉండాది మేడం. బిందెని ఏమంటారో కూడా నాకు తెల్దు. వాళ్ళు మంచోళ్ళే. టేక్ యువర్ టైం అన్నారు. ఎంత సేపయినా రాలే."

కన్నడంలో చెప్పకపోయావా అన్నాను. వాళ్ళిద్దరూ ఉత్తరాది వాళ్ళట.

ఏడవలేదు. గ్లాసు ఎక్కడ పెట్టాలి మేడం అని అడిగింది.

అక్టోబర్ 9

దేవరాజ్‌కి వచ్చింది ఉద్యోగం.

మైసూర్‌పాక్ డబ్బాతో వచ్చాడు. కాళ్ళకి దండం పెట్టబోయాడు. ఇదంతా మీ వల్లే మేడం అన్నాడు. ఇంటర్వ్యూలో x = x + 1 గురించి అడిగారట. వీడు మన బిందె ఉదాహరణ చెప్పాడట. ఇంగ్లీషులో. పాట్ ఆఫ్ వాటర్ అన్నాడట. చెంబుని మగ్ అన్నాడట. ఇంత బాగా ఎవరూ చెప్పలేదని వాళ్ళు మెచ్చుకున్నారట.

వాడు దొంగ కాదు. మంచి పిల్లాడు. నేను చెప్పింది విన్నాడు, అంతే. వాడి ఎదుటే ఒక ముక్క నోట్లో పెట్టుకోవలసి వచ్చింది.

ఉన్న మాట రాస్తాను. నా తెలుగు వాడికి పనికొచ్చింది. ఎవరి కోసం తలుపు మూశానో, ఆమెకి పనికిరాలేదు. జూలైలోనే మెట్ల మీద నిలబడి నాకు చెప్పింది. పంతొమ్మిదేళ్ళ పిల్లకి తెలిసింది నాకు తెలియలేదు. కాదు. తెలుసు. నా క్లాసులో వెలుగు కావాలని ఆమె మాట వినలేదు.

అక్టోబర్ 25

ఆయుధపూజ. పీణ్య అంతా బంతిపూలు, లేత్ మెషీన్లకి అరటి పిలకలు, రోడ్ల మీద పగిలిన బూడిద గుమ్మడికాయలు. ఇక్కడ మానిటర్లన్నిటికీ విభూతి పట్టెలు పెట్టించారు ఓనర్. కీబోర్డుల మీద కుంకుమ. సొన్నమ్మ రాలేదు. ఆ రోజు నుంచి రావడం లేదు. ఓనర్‌ని అడిగితే, కోర్సు అయిపోయింది గదా మేడం, ఎందుకొస్తారు అన్నారు.

నవంబర్ 4, ఆదివారం

వాళ్ళ వఠారానికి వెళ్ళాను.

నరసింహప్పగారు ఒక్కరే ఉన్నారు. నన్ను మంచం మీద కూర్చోమని తాను గడప దగ్గర నిలబడ్డారు. ఎంత కూర్చోమన్నా కూర్చోలేదు. అమ్మాయి గార్మెంట్స్‌కి పోతోందట, ఎక్స్‌పోర్ట్ ఆర్డరు ఉంది కాబట్టి ఈరోజు కూడా డ్యూటీయేనట. కాలర్లు కుట్టే లైన్లో వేశారట. నా మీద కోపం ఉంటుందనుకున్నాను. ఉంటే బాగుండేది. ఆయన అడిగింది ఒక్కటే: "మా పాపకి తలకాయ లేదా మేడం? ఉండేది ఉన్నట్టు చెప్పండి. నేనేమీ అనుకోను. అది రోజూ అదే అంటాది, నాకు తలకాయ లేదు నాయనా అని."

ఉంది అన్నాను. మా అందరికంటే ఎక్కువ ఉంది అన్నాను. తప్పు నాది అన్నాను. ఆయన తల ఊపారు. పెద్దవాళ్ళు మర్యాద కోసం ఏదో ఒకటి చెబుతారన్నట్టు ఊపారు.

సొన్నమ్మ వచ్చేసరికి ఎండ వాలింది. జుట్టులో దూది నూగు. నన్ను చూసి వాకిట్లోనే ఆగిపోయింది. నేను గబగబా చెప్పేశాను. రోజూ సాయంత్రం నా పీజీకి రా, ఇంగ్లీషు నేను నేర్పిస్తాను, ఇంటర్వ్యూకి ఏమి చెప్పాలో ఒక్కో వాక్యం చెప్పిస్తాను, ఫీజు లేదు, ఏమీ లేదు. తెలుగులోనే చెప్పాను. నాకు ఇంకో భాషలో అలా బతిమాలడం రాదు.

ఆమె అంతా విని, నిటారుగా నిలబడి, ఇంగ్లీషులో జవాబిచ్చింది.

"ఐ యామ్ ఫైన్ మేడం. థాంక్యూ ఫర్ కమింగ్. ప్లీజ్ డు నాట్ కమ్ అగైన్."

ఒక్క తప్పు లేదు. నేను వస్తానని ఊహించి, ఆ మాటలు ఎన్నిసార్లు వల్లె వేసుకుందో లోపల లోపల.

నరసింహప్పగారికి అర్థం కాలేదు. కూతురు ఇంగ్లీషు మాట్లాడుతుంటే ఆయన ముఖం విప్పారింది. చూశారా మేడం అన్నట్టు నా వైపు తిరిగారు.

నవంబర్ 6

క్లాసుకి వెళ్ళలేదు. జ్వరం అని ఫోన్ చేయించాను. జ్వరం లేదు.

నవంబర్ 12

కొత్త బ్యాచ్. సీట్లన్నీ నిండాయి. కింద, బోర్డు పక్కన గోడకి దేవరాజ్ ఫొటో అంటించారు. ఇంగ్లీషులో చెబుతున్నాను. ఎవరి ముఖమూ చూడటం లేదు. బోర్డు వైపు తిరిగి చెబితే అర్థమైందా అని అడగక్కర్లేదు.

నవంబర్ 21

బస్సులో పక్కన కూర్చున్న పెద్దావిడ, జాలహళ్ళి క్రాస్ ఎప్పుడొస్తాదమ్మా అని తెలుగులో అడిగింది. నెక్స్ట్ స్టాప్ అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. మూట ఒళ్ళో పెట్టుకుని నా ముఖం చూస్తూ కూర్చుంది. జాలహళ్ళి క్రాస్ వచ్చింది. బస్సు కదిలింది. నేను కిటికీలోంచి చూస్తున్నాను, ఆవిడ ఇంకా నా పక్కనే ఉంది.